ఫిడేలు నాయుడుగారికి తెరుచుకున్న తలుపు



దీపావళి పండుగనాడు పుట్టి, మసక చూపుతోనే జీవితం గడిపిన ఒక మహానుభావుని కథ ఈ వారం మీకు చెప్పదలచాను. ఆయన మన మతస్థుడు కాడు. మన పాలమూరు ప్రాంతంవాడూ కాడు. పునీతుల చరిత్రలలో ఆయన పేరు వెతికితే కనిపించదు. అయినా మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విచారణలలోని ప్రతి కుటుంబమూ ఆయన కథ తెలుసుకోవడం మంచిదని నా నమ్మకం. ఎందుకో కథ ముగిసేసరికి మీకే తెలుస్తుంది.

ఆయన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి చూడండి. ఫిడేలు నాయుడుగారు అంటే ఆ పేరు విన్న జ్ఞాపకం వారికి ఉండవచ్చు.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగళూరులో జన్మించారు. ఆ రోజు దీపావళి. తండ్రి సైన్యంలో ఉద్యోగి కావడంచేత బిడ్డ అక్కడ పుట్టాడుగాని, పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. అన్నగారు వెంకటకృష్ణయ్య ఫిడేలు వాయించేవారు. ఆ విధంగా పుస్తకాలకంటే ముందే సంగీతం ఆ పిల్లవాని చెవిన పడింది.

అయితే బాలునికి చూపు బాగా మందం. పూర్తిగా గుడ్డివాడు కాడు, అలాగని అందరివలె చూడగలిగినవాడూ కాడు. నేడు వైద్యులు దీనిని అల్పదృష్టి అంటున్నారు. ఆనాటి బడిలో ఆ మాట లేదు. బల్ల మీద రాసినది చదివితే తెలివిగలవాడు, చదవకపోతే మొద్దు. ఆ రెండింటికీ మధ్య ఒక పిల్లవాడు ఉండవచ్చునని ఆలోచించే ఓపిక ఎవరికీ లేదు. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వడం, నోటితో పరీక్ష పెట్టడం వంటి చిన్న ఏర్పాట్లు చేయాలని ఏ నియమమూ లేదు. చూపు సహకరించక బాలుని బడి చదువు ముందుకు సాగలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మన ఊళ్లలో ఈ మాట మీరు ఎన్నిసార్లు వినలేదు? వాడికి కళ్లు కనిపించవు, చదువు మాన్పించాం. దానికి చెవులు వినిపించవు, ఇంట్లోనే ఉంచుకున్నాం. ఈ మాటలు చెప్పే తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు. బిడ్డ మీద ప్రేమ లేనివాళ్లూ కారు. బడి గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు. వెంకటస్వామి ఇంట్లో జరిగిందీ అదే.

కాని ఆ ఇంట్లో ఫిడేలు ఉన్నది. అన్నగారే తమ్మునికి మొదటి గురువు. ఫిడేలు విద్యలో కంటికంటే చెవికి, వేలికి పని ఎక్కువ. తీగ మీద వేలు ఎక్కడ నిలవాలో చెప్పే గుర్తులేవీ ఆ వాద్యం మీద ఉండవు. వీణకు మెట్లు ఉంటాయి. ఫిడేలుకు అవీ లేవు. స్వరం సరిగా పలికిందో లేదో చెవే చెప్పాలి. బల్ల మీది అక్షరం కనిపించని పిల్లవానికి, తీగ మీది స్వరం వెంట్రుకవాసి తప్పినా తెలిసిపోయేది. పెద్ద విద్వాంసుల కచేరీలు వింటూ, విన్నది చేతికి తెచ్చుకుంటూ, గంటల తరబడి సాధన చేస్తూ ఆయన విద్య నేర్చుకున్నారు. పాశ్చాత్యులు కమాను నడిపే పద్ధతిలోని మంచిని కూడా గ్రహించి మన సంగీతానికి అనువుగా మలచుకున్నారు.

పాఠకులారా, గమనించారా? బడిలో ఉన్నదీ ఆ పిల్లవాడే, ఇంట్లో ఫిడేలు పట్టుకున్నదీ ఆ పిల్లవాడే. కళ్లు అవే, బుద్ధి అదే. ఒకచోట పనికిరానివాడయ్యాడు, మరొకచోట అందరినీ మించిపోయాడు. అంటే లోపం అంతా ఆ పిల్లవానిలోనే ఉన్నదనడం న్యాయం కాదు. కొంత లోపం ఆ గదిలో ఉన్నది, ఆ గదిని నడిపే పద్ధతిలో ఉన్నది. మేజర్ సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన ఒక సంగతి మాకు పదేపదే బోధించేవారు. విత్తనంలో చెట్టు దాగి ఉంటుంది, కాని నేలా నీరూ దొరకనిదే అది బయటికి రాదు. ఆనాడు అది నాకు పరీక్ష కోసం చదివిన పాఠం మాత్రమే. పాతికేళ్లకు పైగా విచారణలలో తిరిగిన తరువాత అది పిల్లల గురించిన పాఠమని అర్థమైంది.

ఇక కథలోకి వద్దాం. 1919వ సంవత్సరం ఫిబ్రవరి నెలలో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతిరాజు ఒక సంగీత కళాశాల స్థాపించారు. ఆ కళాశాల ఎందుకు పుట్టిందో చెప్పే కథ ఒకటి ఆ ఊళ్లో నేటికీ చెప్పుకుంటారు. మహారాజావారి కొలువులోని ఒక ఉద్యోగికి చూపులేని కుమారుడున్నాడు. ఆ బాలునికి సంగీతమంటే ప్రాణం. కొడుకును సంగీతం నేర్పించడానికి మద్రాసు పంపేందుకు సాయం చేయమని తండ్రి మహారాజును వేడుకున్నాడు. ఒక్క పిల్లవానిని అంత దూరం పంపడం కంటే ఇక్కడే ఒక కళాశాల పెడితే ఆ బాలుడూ నేర్చుకుంటాడు, మరి పదిమందీ నేర్చుకుంటారు గదా అని మహారాజు తలచారట. అందులోంచే కళాశాల వచ్చిందని చెబుతారు.

ఎంత చక్కని ఆలోచనో చూడండి. చూపులేని ఒక బిడ్డ కోసం తెరిచిన తలుపులోంచి చూపున్న వందలమంది లోపలికి వెళ్లారు. తరువాతి కాలంలో మన ఘంటసాలగారు ఆ కళాశాలలోనే చదువుకున్నారు. పి. సుశీలగారు కూడా అక్కడివారే. మీరు ఇంట్లో పనిచేసుకుంటూ వినే పాటల వెనుక, పేరు కూడా మనకు గుర్తులేని ఆ చూపులేని బాలుడు ఉన్నాడు.

ఆ కళాశాలకు మొదటి ప్రధానాచార్యులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. వెంకటస్వామి నాయుడు అప్పటికి ఇరవై అయిదేళ్లు దాటిన యువకుడు. చేతిలో ఫిడేలు తప్ప చెప్పుకోదగిన చదువు పట్టా లేదు. విద్యార్థిగా చేరదామని ఆయన అక్కడికి వెళ్లారని అంటారు. దాసుగారు ఆయన వాద్యం విన్నారు. విన్న తరువాత విద్యార్థిగా చేర్చుకోలేదు. ఏకంగా ఫిడేలు ఆచార్యునిగా నియమించారు.

బడి బయటికి పంపినవాడు కళాశాలలో గురువు అయ్యాడు! దాసుగారు చదువు పట్టా అడగలేదు. కళ్లు ఎంతవరకు కనిపిస్తాయని అడగలేదు. ఏ పని కోసం మనిషి కావాలో ఆ పని ఆయనకు వచ్చునా, రాదా అన్నదొక్కటే చూశారు. ఈ ఒక్క మాటను గట్టిగా గుర్తుంచుకోండి. వికలాంగుల హక్కుల గురించి ప్రపంచ దేశాలు పెద్ద పెద్ద సభలలో చెప్పుకున్న విషయాలకు మూలం ఇందులో ఉన్నది.

నాయుడుగారు ఆ ఉద్యోగాన్ని పదిహేడేళ్లు నిష్ఠతో చేశారు. 1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే ప్రధానాచార్యులు అయ్యారు. చూపు సరిగా లేనివాడు కళాశాల ఎట్లా నడుపుతాడని సందేహించేవారికి ఆయన జీవితమే జవాబు.

ఆ రోజుల్లో ఫిడేలు అంటే పక్కవాద్యం. గాయకుడు మధ్యలో కూర్చుంటే ఫిడేలు విద్వాంసుడు పక్కన కూర్చొని ఆయన పాడినదాన్ని అనుసరించాలి. కచేరీ గాయకునిది. ఫిడేలు ఒక్కటే ప్రధాన వాద్యంగా రెండు మూడు గంటలు సభను కూర్చోబెట్టగలదని చాలామంది అనుకోలేదు. నాయుడుగారు 1938లో వేలూరులో ఒంటరిగా ఫిడేలు కచేరీ చేసి మెప్పించారు. అటుపైన దక్షిణదేశమంతటా ఆయన కచేరీలకు జనం తరలివచ్చారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. ప్రపంచ ప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట నాయుడుగారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు.

ఇన్ని గౌరవాలు పొందిన మనిషి తన వంటివారిని మరచిపోలేదు. 1952లో ఢిల్లీలో అంధుల సంస్థ నిధి కోసం ఆయన కచేరీ చేశారు. తనకు ఒక తలుపు తెరుచుకున్నది. తెరుచుకోనివారు ఎందరో ఉన్నారని ఆయనకు తెలియకుండా ఉంటుందా?

1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. కుమార్తె మంగతాయారుగారు, శిష్యులు ఆయన బాణీని ముందుకు తీసుకుపోయారు. 1993లో ఆయన శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన ఇంటిపేరు ద్వారం. ద్వారం అంటే తలుపు అని మీకు వేరే చెప్పనక్కరలేదు.

కథ ఇక్కడితో ముగించవచ్చు. పట్టుదల ఉంటే వికలాంగులు కూడా ఏదైనా సాధించగలరని ఒక నీతి చెప్పి, మీ దగ్గర సెలవు తీసుకోవచ్చు. కాని అట్లా ముగిస్తే నేను మీకు సగం సత్యమే చెప్పినవాడనవుతాను.

ఒక ప్రశ్న వేసుకుందాం. ఆ రోజు ప్రధానాచార్యుల కుర్చీలో నారాయణదాసుగారు గాక మరొకరు ఉంటే? పట్టా లేదని, చూపు లేదని తిప్పి పంపితే? వెంకటస్వామి నాయుడు ఎవరి దగ్గర ఫిర్యాదు చేయగలిగేవారు? ఎక్కడా చేయలేరు. ఆ కాలంలో అట్లా తిప్పి పంపడం తప్పని చెప్పే చట్టం లేదు. ఆయనకు దొరికింది ఒక మంచి మనిషి దయ. దయ గొప్పదే. కాని దయ పుట్టేది ఇచ్చేవాని మనసులో. ఆ మనసు రేపు మారవచ్చు, లేదా పక్క ఊరిలో ఉండకపోవచ్చు.

ఈ సంగతి మన ప్రాంతంవారికి బాగా అర్థమవుతుంది. మన గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. కవులూ పండితులూ దూరదూరాల నుండి వచ్చి సత్కారాలు పొంది వెళ్లేవారు. వనపర్తి సంస్థానానికీ అటువంటి పేరుండేది. ప్రభువు మెచ్చితే శాలువా, మెచ్చకపోతే తిరుగు దారి. కాలం మారింది. సంస్థానాలు పోయాయి. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వచ్చింది. రాజుగారి అనుమతి ఉంటేగాని అడుగుపెట్టలేని గడపను రైతుబిడ్డలు మార్కుల ఆధారంగా దాటారు. అనుగ్రహం పోయి ఆ స్థానంలో హక్కు వచ్చిందంటే అర్థం ఇదే.

వికలాంగుల విషయంలో ఈ మార్పు చాలా ఆలస్యంగా వచ్చింది. మన దేశంలో వారి సమాన అవకాశాల కోసం మొదటి సమగ్ర చట్టం 1995లో చేశారు. 1996 ఫిబ్రవరి 7న అది అమలులోకి వచ్చింది. నాయుడుగారు పోయి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. ఆ చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. అల్పదృష్టి వాటిలో ఒకటి. ప్రభుత్వ ఉద్యోగాలలో 3 శాతం కేటాయించింది. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. మన దేశం 2007 అక్టోబరు 1న దానిని ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా 2016 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2017 ఏప్రిల్ 19 నుండి అది అమలులో ఉన్నది. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు వేరు జిల్లాలుగా ఏర్పడింది కూడా ఆ 2016లోనే, అక్టోబరు 11న. జిల్లాలు వచ్చిన సంగతి మనలో ప్రతివారికీ తెలుసు. చట్టం వచ్చిన సంగతి ఎందరికి తెలుసు?

అందుచేత కొంచెం వివరంగా చెబుతాను. శ్రద్ధగా చదవండి, చదువురాని పొరుగువారికి చదివి వినిపించండి. ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠు నయమైనవారు, బుద్ధి ఎదగనివారు, తలసీమియా వంటి రక్తవ్యాధులున్నవారు, యాసిడ్ దాడికి గురైనవారు కూడా ఇందులో ఉన్నారు. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందిన పిల్లలకు 6 ఏళ్ల నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఇంటికి దగ్గరి బడిలోగాని, ప్రత్యేక పాఠశాలలోగాని, ఏది కావాలో కోరుకోవచ్చు. ప్రభుత్వ గుర్తింపు లేదా ధనసహాయం ఉన్న బడి ఏదైనా వైకల్యం కారణంగా వివక్ష చూపకుండా పిల్లలను చేర్చుకోవాలి. పరీక్షలలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి సౌకర్యాలు ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగాలలో కేటాయింపు 4 శాతానికి, ఉన్నత విద్యలో 5 శాతానికి పెరిగింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినదని ప్రభుత్వ సంస్థలు ఎవరినీ తీసివేయరాదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ ఉల్లంఘిస్తే 50,000 నుండి 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడుతుంది.

న్యాయస్థానాలు కూడా ఈ చట్టానికి బలం చేకూర్చాయి. 2024 నవంబరు 8న, అనగా నాయుడుగారి పుట్టినరోజునాడే, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వికలాంగులు రాకపోకలు సాగించడానికి వీలుగా భవనాలు, రవాణా ఉండాలన్న నియమాలు ఇష్టమైతే పాటించే సలహాలుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నియమాలు చేయాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంవారు. 2025 మార్చి 3న మరో తీర్పులో, చూపులేదన్న కారణంతో ఎవరినీ న్యాయమూర్తి ఉద్యోగానికి అనర్హులని తోసిపుచ్చరాదని అదే కోర్టు చెప్పింది. 1919లో నారాయణదాసుగారు తన మనసుకు తోచి చేసినదాన్ని, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం అందరూ పాటించవలసిన నియమంగా చేసింది.

మన ప్రాంతానికి తెలిసిన మరొక మనిషిని కూడా తలుచుకుందాం. పసితనంలోనే పోలియో సోకి ఊతకర్రలతో నడిచిన ఎస్. జైపాల్ రెడ్డిగారిని మన కల్వకుర్తి ప్రజలు 1969లో శాసనసభకు పంపారు. తరువాత ఆయన కేంద్రమంత్రి అయ్యారు. 2019 జులై 28న మరణించారు. ఓటు వేసినవారెవరూ ఆయన కాళ్లను చూసి జాలితో వేయలేదు. ఆయన మాటకున్న పదును చూసి వేశారు. అయితే చదువుకోగల కుటుంబం ఆయన వెనుక ఉన్నది. అదే ఊళ్లలో పోలియో సోకిన కూలి ఇంటి బిడ్డ వెనుక ఏమున్నది? చట్టం ఉండవలసింది అక్కడే.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం నేను ఉన్న విచారణలో ఒక తల్లి, పత్తి చేలల్లో క్రాసింగు పనికి వెళ్లి బతికే మనిషి, ఎనిమిదేళ్ల కొడుకును వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చింది. బాబుకు చూపు చాలా తక్కువ. ఒక బడివారు చేర్చుకోమన్నారు. మిగతా పిల్లల చదువు పాడవుతుందన్నారు. నేను ఆ బడి పెద్దకు ఫోను చేశాను. పరిచయం ఉన్న మనిషి. ఫాదరుగారు అడిగారు గనుక కాదనలేనన్నారు. మరుసటి రోజే బాబు బడిలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం నేను ఎంతో తృప్తిగా జపమాల చెప్పుకున్నాను.

ఏడాది తరువాత ఆ ఊరికి పూజ చెప్పడానికి వెళ్లినప్పుడు, గుడి వెనుక మేకలు తోలుతున్న ఒక పాప కనిపించింది. కళ్లు చికిలించి నా వైపు చూసింది. ఈ పాప కూడా మావాడిలాగే ఫాదరూ, ఆ బడికే వెళ్లింది, చేర్చుకోలేదు అన్నది ఆ తల్లి. మరి నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదని అడిగాను. వాళ్లు మన గుడివాళ్లు కాదు గదా, మీరు తెలియరు గదా అన్నది.

పాఠకులారా, ఆ జవాబు ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉన్నది. అప్పటికి చట్టం అమలులోకి వచ్చి రెండేళ్లు. నేను ఆ బడి పెద్దకు చట్టం సంగతి చెప్పి ఉంటే, ఈ తలుపు మీ ఇష్టప్రకారం మూసేది కాదని మర్యాదగానే గుర్తుచేసి ఉంటే, అది బాబుతోపాటు పాపకూ తెరుచుకొని ఉండేది. నేను హక్కును అడగలేదు. నా పరిచయాన్ని వాడుకొని ఒక మేలు సంపాదించాను. బాబుకు మంచే జరిగింది, కాని బడి పద్ధతి మారలేదు. ఫాదరు తెలిసినవాడు లోపలికి, తెలియనివాడు మేకల వెంట. ఆ తరువాత పాప తల్లిదండ్రులతో కలిసి నేనూ వెళ్లాను. ఈసారి చట్టం ప్రతి చేతిలో పట్టుకొని వెళ్లాను. ఏడాది ఆలస్యంగా పాప బడిలో చేరింది. పోయిన ఆ ఏడాదిని నేను తెచ్చి ఇవ్వలేను.

మన శ్రీసభ కూడా ఈ విషయంలో నేర్చుకుంటూనే వచ్చింది. 1917 నాటి శ్రీసభ చట్టం ప్రకారం, శరీర లోపం వలన పీఠసేవ భద్రంగానూ, చూడ ముచ్చటగానూ చేయలేరనుకున్నవారికి గురుపట్టం దొరకడం కష్టం. ప్రత్యేక అనుమతి కావలసి వచ్చేది. 1983 నాటి కొత్త చట్టంలో ఆ అడ్డంకిని తీసివేశారు. రెండువేల ఏళ్ల సంస్థ తన నియమాన్ని సరిదిద్దుకోగలిగినప్పుడు, మన బడులూ, మన గుడులూ, మన ఇండ్లూ సరిదిద్దుకోలేవా?

గుడులు అని ఊరకే అనలేదు. 2016 చట్టం ప్రజలు వచ్చిపోయే భవనాల గురించి చెబుతూ మతసంబంధమైన భవనాలను కూడా చేర్చింది. మీ గుడి మెట్లు లెక్కపెట్టండి. చక్రాల కుర్చీలో ఉన్న అవ్వ లోపలికి ఎట్లా రావాలి? నలుగురు యువకులు ఎత్తుకొని తెస్తున్నారని సంతోషిస్తున్నాం. మంచిదే. కాని ఆ నలుగురూ రాని ఆదివారం ఆమెకు పూజ లేదు. సిమెంటుతో ఒక వాలుదారి కడితే ఆమె ఎవరినీ బతిమాలకుండా వస్తుంది. ఈ పని మనకు భారమేమీ కాదు.

ఇంకొక మాట. మనం ఎట్లా పిలిచినా, కుంటివాడనీ గుడ్డిదనీ అనకుండా ఉంటే చాలునని కొందరు అనుకుంటారు. పూర్వం వికలాంగులు అనేవారు, ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు. మంచి మాట వాడడం మర్యాద. కాని పేరు మార్చి తలుపు మూసే ఉంచితే ఏం లాభం? నాయుడుగారిని ఎవరు ఏ పేరుతో పిలిచారన్నది చరిత్రలో నిలవలేదు. ఎవరు పని ఇచ్చారన్నది నిలిచింది.

మార్కు సువార్తలో యెరికో దారి పక్కన కూర్చున్న బర్తిమయి మీకు తెలుసు. అతడు కేకలు వేస్తుంటే జనం నోరుమూసుకోమని గద్దించారు. వారు దుర్మార్గులు కారు, ప్రభువు వెంట నడుస్తున్న భక్తులే. ప్రభువు ఆగారు. అతనిని తన దగ్గరికి పిలిపించారు. చిత్రమేమంటే, ఆయన తనంతట తానే మేలు చేసి వెళ్లిపోలేదు. నీకు ఏమి కావాలని అతననే అడిగారు. దారి పక్కన బిచ్చమెత్తేవానికి తన కోరిక తానే చెప్పుకునే గౌరవం ఇచ్చారు. మనం సాయం చేయబోయే ముందు ఎప్పుడైనా ఆ ప్రశ్న అడిగామా?

కాబట్టి ఈ వారం మూడు పనులు చేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. మొదటిది, మీ వీధిలో బడికి పోని వికలాంగ బిడ్డ ఉంటే, ఏ మతమైనా ఏ కులమైనా, ఆ ఇంటికి వెళ్లి ఈ చట్టం సంగతి చెప్పండి. రెండవది, ధ్రువపత్రం లేకపోతే దానికి దరఖాస్తు చేయించండి. ఆ కాగితం లేనిదే చాలా సౌకర్యాలు అందవు. ఎవరైనా చేర్చుకోమంటే కారణం రాసి ఇవ్వమని అడగండి, కలెక్టరుగారి ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. ఆపైన రాష్ట్రస్థాయిలో వికలాంగుల కమిషనరు ఉన్నారు. మూడవది, మీ గుడి మెట్ల సంగతి విచారణ సలహా సంఘంలో ఎత్తండి. మీ విచారణ గురువు సంకోచిస్తే ఈ పత్రిక చూపించండి.

మహారాజులూ నారాయణదాసులూ అన్ని ఊళ్లలో ఉండరు. ఉండాలని కూర్చుంటే మేకల వెంట తిరిగే పాపలు అట్లాగే తిరుగుతుంటారు. ఈసారి రేడియోలో ఫిడేలు వినిపించినప్పుడు, బడి నుండి ఇంటికి వచ్చేసిన విశాఖపట్నం పిల్లవానిని తలుచుకోండి. ఆ తరువాత మీ వీధిలోకి ఒక్కసారి చూడండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.